లిస్‌డారా మలుపులో ఇనప పొయ్యి

లిస్‌డారా మలుపు దగ్గరున్న ఆ ఇంటికి మంచి పేరు లేదు.

సరస్సు పక్కన రోడ్డు వంపు తిరిగేచోట, తెల్లసున్నం గోడలతో, చలికి ముడుచుకు కూర్చున్న ముసలావిడలా ఉంటుంది ఆ ఇల్లు. పగలు చూస్తే ఏమీ ఉండదు. వాకిట్లో కోళ్ళు తిరుగుతుంటాయి, తీగ మీద బట్టలు ఆరుతుంటాయి. రాత్రయితే మాత్రం... సారాకొట్టు నుంచి తూలుతూ వచ్చేవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి తూలడం మానేసి గబగబా నడుస్తారు. పాడుకుంటూ వచ్చేవాళ్ళు నోరు మూసేస్తారు.

ఎందుకంటే ఆ గోడల లోపలినుంచి ఒక చప్పుడు వస్తుంది.

కర్ర్... కర్ర్... కర్ర్...

ఇనప పటకారుతో ఎవరో బూడిద లాగుతున్న చప్పుడు. ఇంట్లో దీపం ఉండదు. మనుషులంతా పడుకునే ఉంటారు. అయినా పొయ్యి దగ్గర ఎవరో కూర్చుని నిప్పుల మీదికి బూడిద లాగుతూనే ఉంటారు.

ఆ చప్పుడు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. రాత్రిపూట పేరు మాత్రం అనరు.

హనోరా ముసలమ్మది.

ఆవిడ బతికున్నన్నాళ్ళూ పడుకోబోయే ముందు చేసే ఆఖరి పని అదే. గోడలో కట్టిన పాతకాలం పొయ్యి అది — మనిషి తల వంచుకుని లోపలికెళ్ళి నిలబడొచ్చు, అంత పెద్దది. పగలంతా మండగా మిగిలిన నిప్పుల్ని ఒక దగ్గరికి చేర్చి, పైన బూడిద లాగి, నివురు కప్పేది. ఆ చేసేటప్పుడు పెదాలు కదులుతుండేవి. "నిన్ను దాస్తున్నానే తల్లీ, పొద్దున్నే లేపుతాను. అందాకా మరియమ్మ నిన్ను చూసుకుంటుంది, నువ్వు మమ్మల్ని చూసుకో." తెల్లారి బూడిద పక్కకి తీస్తే అడుగున ఎర్రగా కళ్ళు తెరిచేవి నిప్పులు. వాటి మీదే రెండు పుల్లలు వేసి రాజేసేది. అంతేగానీ ఆ ఇంట్లో అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించడమన్నది లేదు. వాళ్ళ మామగారి తాత పెళ్ళినాటి నిప్పు అదే అని చెప్పేది.

ఆ ఏడాది వసంతంలో, ఆ పొయ్యి పక్క కుర్చీలోనే పోయింది ముసలమ్మ. దగ్గరున్నది కోడలు బ్రోనా ఒక్కతే. కొడుకు జార్లత్ ఫాదరుగారి కోసం పరుగెత్తాడు.

"నిప్పు ఆరనివ్వకే, బ్రోనా..." అంది.

"ఆరనివ్వను అత్తయ్యా."

అంతే. మాట ఇచ్చేసింది. పోయేవాళ్ళకి కాదని ఎవరు చెప్పగలరు?

ఆ తర్వాత నెలకే మొదలైంది రోడ్డు మీద మనుషులకి ఆ చప్పుడు వినిపించడం. బ్రోనాకీ వినిపించింది. దుప్పటి తల మీదికి లాక్కుని, జపమాల గుప్పిట్లో పెట్టుకుని తెల్లారబెట్టేది. జార్లత్ పక్కన కళ్ళు తెరుచుకునే పడుకునేవాడు. ఇద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకోలేదు.

అయితే బ్రోనాకి దెయ్యంకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది — కూతురు నెస్సా దగ్గు.

ఆరేళ్ళ పిల్ల. వేసవిలో లేడిపిల్లలా గంతులేస్తుంది. చలిగాలి తిరిగిందంటే చాలు, రొమ్ములో పిల్లికూతలు. దగ్గీ దగ్గీ పెదాలు నీలంగా అయిపోయేవి. కిందటి చలికాలం ఆస్పత్రిలో పెట్టాల్సొచ్చింది కూడా. ఈసారి శరత్కాలం ఇంకా పూర్తిగా రాకముందే దగ్గు అందుకుంది.

డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. విని, బ్రోనా ముఖంలోకి చూశాడు.

"మీ ఇంట్లో పొయ్యి ఎలాంటిదమ్మా?"

"గోడపొయ్యండి. పాతది."

"పొగ ఇంట్లోకి కొడుతుందా?"

"గాలి తిరిగితే... కొడుతుందండి."

గాలి తిరగని రోజు ఆ సరస్సు ఒడ్డున ఎప్పుడుంది గనక!

"ఇంకో చలికాలం ఆ పొగ మింగిందంటే ఈ పిల్లకి నేను పూచీ పడను. ఇప్పుడు మూత ఉన్న ఇనప పొయ్యిలొస్తున్నాయి. కట్టెలు సగం సరిపోతాయి, వేడి రెట్టింపు, పొగంతా పైపులోంచి పైకి పోతుంది. మంచు పడకముందే పెట్టించండి."

ఆ రాత్రి అన్నాలయ్యాక — అంటే బంగాళాదుంపలూ మజ్జిగా అయ్యాక — బ్రోనా ఆ మాట మొగుడి చెవిన వేసింది. జార్లత్ పొయ్యి కేసి చూస్తూ కూర్చున్నాడు. అతను మాటలు తక్కువ మనిషి. మాట్లాడితే మాత్రం గుచ్చుకుంటుంది.

"మా అమ్మ పొయ్యి పగలగొట్టమంటావు."

"పొయ్యి మీ అమ్మది. పిల్ల మనది."

"ఆరనివ్వనని మాటిచ్చింది నువ్వు. నేను కాదు."

బ్రోనాకి ముఖం మీద కొట్టినట్టయింది. అయినా తల దించలేదు.

"ఇచ్చాను. ఆ పాపం నాకే చుట్టుకోనీ. నువ్వు మేస్త్రిని పిలు."

"ఊళ్ళోవాళ్ళు ఏమంటారో తెలుసా?"

"ఊళ్ళోవాళ్ళు వచ్చి దగ్గుతారా దాని బదులు?"

అప్పుడే లోపలిగదిలో నెస్సా దగ్గడం మొదలెట్టింది. ఆగదే... ఆగదే... ఊపిరి లోపలికి తీసుకోవడానికి కొట్టుకుంటున్న చప్పుడు. ఇద్దరూ లేచి పరుగెత్తారు. వీపు రాసి, వేడినీళ్ళ ఆవిరి పట్టి, తగ్గేసరికి నడిరాత్రయింది.

జార్లత్ వచ్చి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "సరే," అన్నాడు, బ్రోనాతోనో, ఇంకెవరితోనో. "నిప్పు మాత్రం ఆరకూడదు."

మర్నాడు పొద్దున్నే ఇనపకుండలో నిప్పులు ఎత్తుకుని పక్కింటి బార్ట్లీ దగ్గరికి తీసుకెళ్ళాడు. పక్కిల్లంటే పొలం అవతల. బార్ట్లీ పెళ్ళిపెటాకులు లేని ముసలాడు. ఇంట్లో ఓ ఆవు, ఓ టెలిఫోను, బోలెడు వెటకారం ఉంటాయి.

"మీ నిప్పుని మా ఇంట్లో అల్లుడిలా దింపుతున్నావుట్రా?" అన్నాడు బార్ట్లీ. "మరియాదలేం చెయ్యలేను ముందే చెబుతున్నా. మా పొయ్యిలో ఓ మూల పడుండమను."

"పనయ్యేదాకానే, మావయ్యా."

"మీ అమ్మ ఊరుకుంటుందంటావా?"

జార్లత్ నిప్పులకుండని గుమ్మం లోపల దింపాడు. ముసలాడి నవ్వు కూడా సగంలో ఆగిపోయింది.

టౌన్నుంచి మేస్త్రి వచ్చాడు. కుర్రతనం పోని ముఖం, ఈలపాట. జార్లత్ కూడా చెయ్యి వేశాడు. గునపం దెబ్బ పడ్డప్పుడల్లా పొగగొట్టంలోంచి తరతరాల మసి జలజల రాలేది. బ్రోనా పిల్లని తీసుకుని వాకిట్లో నిలబడింది. ఒక్కో దెబ్బా తన వీపు మీద పడుతున్నట్టుంది ఆమెకి.

మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈలపాట ఆగింది.

"అమ్మా... ఓ సారి ఇలా రండి."

పొయ్యి ముందున్న పెద్ద బండ ఎత్తారు. కింద గుంట. గుంటలో... పొడుగాటి పుర్రె. ఖాళీ కళ్ళు పైకి పెట్టి, పసుపుపచ్చటి పళ్ళు ఇకిలించి చూస్తోంది. మేస్త్రి ముఖం పాలిపోయింది.  బ్రోనా శిలువ గుర్తు వేసుకుంది.

పని చూద్దామని వచ్చిన బార్ట్లీ గుమ్మంలోంచే పకపకా నవ్వాడు.

"ఓరి మీ మొహాలు మండా! అది గుర్రం పుర్రెరా. పూర్వం పొయ్యి ముందు డాన్సులాడేవాళ్ళు కదా. బండ కింద గుర్రం తల పెడితే అడుగు వేసినప్పుడల్లా గణగణ మోగుతుందని పెట్టేవాళ్ళు. మా ఇంట్లోనూ ఉంది, కావాలంటే వచ్చి తొక్కిచూడు."

అందరూ నవ్వారు. నవ్వితే భయం కొంచెం వదిలింది. కానీ ఆ పుర్రెని మళ్ళీ అక్కడ పెట్టడానికి బ్రోనా ఒప్పుకోలేదు. జార్లత్ తీసుకెళ్ళి పొలం గట్టున పాతిపెట్టాడు.

సాయంత్రానికి ఇనప పొయ్యి నిలబడింది. నల్లగా, పొట్టిగా, నాలుగు కాళ్ళ మీద. ముందు చిన్న అద్దమున్న తలుపు. పక్కన గాలి ఎక్కువ తక్కువ చేసే మీట. పైన పైపు, పాత పొగగొట్టంలోకి. పొయ్యి పక్కన బయటి గోడకి మేస్త్రి పిడికిలి పట్టేంత కన్నం కొట్టాడు.

"చలిగాలి వస్తుందని దీన్ని మూసేరు! పొయ్యికి ఊపిరి ఇదే," అన్నాడు. ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సింది ఇంకోటుందని టౌనువాడికి తట్టలేదు పాపం.

జార్లత్ బార్ట్లీ ఇంటినుంచి నిప్పులు వెనక్కి తెచ్చి ఆ పెట్టెలో పోశాడు. కట్టె అంటుకుంది. ఇల్లంతా ఇట్టే వెచ్చబడింది. రాత్రిళ్ళు నిప్పు ఆరకుండా జార్లత్ లేచి కట్టె వేసేవాడు. పొగ పూచికపుల్లంత కూడా లేదు. నెస్సా మంచాన్ని — పగలు బల్లలా, రాత్రి పక్కలా వాడే బల్లమంచం — పొయ్యి దగ్గరికి జరిపారు. ఆ వారమంతా పిల్ల హాయిగా నిద్రపోయింది. పిల్లికూతలు తగ్గాయి. బుగ్గల్లోకి రంగొచ్చింది.

బ్రోనాకి సంతోషించాలనే ఉంది. ఊరు సంతోషించనిస్తేగా.

"ముసలమ్మని పెట్టెలో పెట్టి మూతేశారంటగా?" అంది చర్చి గుమ్మం దగ్గర ఒకావిడ.

"పాపం, ఇప్పుడెక్కడ కూర్చుంటుందో," అంది ఇంకొకావిడ, బ్రోనాకి వినబడేలా.

ఇంట్లో చప్పుడు ఆగలేదు. మారిందంతే. కర్ర్ పోయి... టక్. కాసేపాగి... టక్... టక్. లోపలినుంచి గోరుతో కొడుతున్నట్టు. బ్రోనా మేస్త్రిని అడిగిస్తే, ఇనుము వేడెక్కి చల్లారేటప్పుడు అలాగే కొట్టుకుంటుందమ్మా, భయపడకండి అని కబురు పంపాడు. ఆ మాట పట్టుకుని నాలుగు రాత్రులు ధైర్యంగా పడుకుంది.

ఐదోనాడు పొద్దున్న రొట్టె తింటూ నెస్సా అంది —

"అమ్మా, నాయనమ్మకి పొయ్యి తలుపు తీయడం రాదు."

బ్రోనా చేతిలో టీ గిన్నె ఆగిపోయింది.

"ఏ నాయనమ్మే?"

"మన నాయనమ్మే. రాత్రి వచ్చి అద్దంలోకి చూసింది. ఇది ఎలా తీస్తారే అని అడిగింది. నేను చెప్పా — నాకు ముట్టుకోనివ్వరు, కాలుతుందని."

"కలగన్నావు."

"కల కాదు. మంచం చివర కూర్చుంది. నా వైపే చూసింది చాలాసేపు."

బ్రోనా ఆ మాట జార్లత్‌తో చెప్పలేదు. కానీ ఆ రోజునుంచీ ఒకటే ఆలోచన గుండెని పట్టుకుంది... ముసలమ్మ ఊరికే రాలేదు. మాట తప్పినందుకు వచ్చింది. తన పొయ్యిలో నిప్పు పోయింది గనక, దానికి బదులు ఇంకేదో తీసుకుపోవడానికి వచ్చింది. పిల్ల వైపే చూసిందట... చాలాసేపు...

ఆ వారాంతంలో ఆత్మల పండగ వచ్చింది.

ఆ రాత్రి పోయినవాళ్ళంతా సొంత ఇళ్ళకొస్తారు. నిప్పు ఉంచాలి. పొయ్యి చుట్టూ కుర్చీలు వెయ్యాలి. వీధి తలుపు గడియ వేయకూడదు. లిస్‌డారాలో ఏ ఇంట్లో చూసినా అంతే. బ్రోనా పుట్టింట్లోనూ అంతే. కానీ ఆ ఏడు ఆమె ఒక్కో కుర్చీ వేస్తూ తలుపు కేసి చూసుకుంది.

పొద్దుగూకగానే గాలి లేచింది, వాన అందుకుంది. సరస్సు హోరుమంటోంది. ఇంతలో బార్ట్లీ లాంతరు పట్టుకుని వచ్చాడు. ఆవు ఈనుతోందట, దూడ అడ్డం తిరిగిందట.

"రారా జార్లత్, నా ఒక్కడివల్ల కాదు. అది చచ్చిందంటే నేనూ దాని పక్కనే పడుకుంటా."

జార్లత్ కోటు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"గడియ వెయ్యకు."

"ఈ గాలికా? పిల్లకి చలి కొట్టదూ?"

"ఒక్క రాత్రే, బ్రోనా. అంత దూరం నుంచి వచ్చి సొంతింటి తలుపు తట్టుకోవాలా వాళ్ళు?"

వెళ్ళిపోయాడు. లాంతరు వెలుతురు పొలం మీద ఊగుతూ ఊగుతూ చిన్నదైపోయింది.

బ్రోనా తలుపు మూసింది. చెయ్యి గడియ మీద పెట్టింది... తీసింది... మళ్ళీ పెట్టింది.

ఠప్.

వేసేసింది. ఇనప గడియ, అరచెయ్యంత వెడల్పు. లోపలినుంచి తప్ప తీయడానికి కుదరదు.

వేశాక ఇంకా భయం ఎక్కువైంది. తలుపు వేసి అవమానించింది కదా మరి. ఏదైనా చేసి మంచి చేసుకోవాలి ఆవిడని. ఏం చెయ్యాలి? ఏది చేస్తే ఆవిడ మనసు చల్లబడుతుంది?

మూలనున్న అత్తగారి పటకారు తీసింది.

ఇనప తలుపు తెరిచింది. లోపల నిప్పులు బంగారంలా ఉన్నాయి. వాటిని ఒక దగ్గరికి చేర్చి... కర్ర్... కర్ర్... పైన బూడిద లాగింది. అచ్చు ఆవిడ చేసినట్టే. మందంగా, ఎక్కడా సందు లేకుండా. "నిన్ను దాస్తున్నానే తల్లీ..." అంది.  "పొద్దున్నే లేపుతాను." తలుపు బిగించింది. బూడిద కింద నిప్పు తెల్లారేదాకా నిలవాలంటే గాలి తగలకూడదు కదా — మీట కూడా కిందికంటా నొక్కేసింది.

పక్కన గోడ కన్నంలోంచి గాలి ఈల వేస్తోంది. సరిగ్గా పిల్ల తల మీదికి. ఒక్క రాత్రికేమవుతుందిలే అని జార్లత్ ఉన్నిమేజోడు చుట్టి కుక్కేసింది. ఈల ఆగిపోయింది.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

పిల్ల పక్కన ఒదిగి పడుకుంది. ఎదురుగా కుర్చీలు. ఖాళీ కుర్చీలు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు పొయ్యి కేసి తిరిగి ఉన్నాయి.

నెస్సా దగ్గడం లేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎంత ప్రశాంతంగా పడుకుందో... అత్తయ్య శాంతించింది, అనుకుంది బ్రోనా.

తల కొంచెం నొప్పిగా ఉంది. కణతల దగ్గర ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టు. భయంవల్లే అనుకుంది. కళ్ళు బరువెక్కాయి. కడుపులో తిప్పింది. లేచి నీళ్ళు తాగుదామనుకుంది. చెయ్యి లేవలేదు. చెయ్యి ఎవరిదో అయినట్టుంది.

టక్...

ఇనుము చల్లారుతోంది, అంతే.

టక్... టక్...

కుర్చీ కదిలింది.

ఈసారి ఇనుము కాదు. నేల మీద చెక్కకాలు రాసుకున్న చప్పుడు. బ్రోనా కళ్ళు తెరిచింది — తెరిచాననుకుంది. చీకటి. చీకట్లో ఇంకా చిక్కటి చీకటి, కుర్చీల్లో. ఒకటి... పక్కన ఇంకొకటి... వెనక్కి తిరిగి కూర్చున్న భుజాలు.

నోరు తెరిచింది. గొంతు రాలేదు.

ఒక కుర్చీలోని చీకటి లేచి నిలబడింది. వంగి ఉంది. అడుగులో అడుగు వేసుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది. పిల్ల మీదికి వంగింది...

"వద్దు అత్తయ్యా..." అంది బ్రోనా. మనసులోనే. "దాన్ని వదిలెయ్యి. తప్పు నాది. నన్ను తీసుకుపో..."

చెవి దగ్గర ఊపిరి. బూడిద వాసన.

"లేవే."

లేవలేకపోయింది.

"లేవే, మొద్దు మొహమా... పిల్లని చూడు."

అంతవరకే తెలుసు ఆమెకి. ఆ తర్వాత ముఖం మీద చల్లగా ఏదో కొట్టడం... తడి... గాలి... రాయి మీద మోకాలు గీరుకోవడం. ఇంక ఏమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రి. ముక్కు మీద రబ్బరు మూత.

"నెస్సా...?"

"ఉంది. పక్క మంచంలోనే. పాలు తాగింది," అన్నాడు జార్లత్. అన్నాక, ఆ మాటలు తక్కువ మనిషి, మంచం పట్టె మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తెల్లవారుజామున దూడని బయటికి తీసి, బార్ట్లీతో కలిసి వస్తుంటే దూరంనుంచే కనబడిందట — వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బ్రోనా, పిల్లా గడప బయట రాతిమెట్టు మీద పడి ఉన్నారు. బార్ట్లీ టెలిఫోను దగ్గరికి ఎలా పరుగెత్తాడో ఆ వయసులో, దేవుడికే తెలియాలి.

డాక్టరు వచ్చి కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. మూసిన పెట్టెలో నిప్పుని బూడిదతో కప్పి గాలి ఆపేస్తే, అది ఆరదు, మండదు, లోపల్లోపల కుమిలిపోతుంది. ఆ కుమిలే నిప్పులోంచి ఒక విషపుగాలి పుడుతుంది. రంగుండదు. వాసనుండదు. పాత గోడపొయ్యికైతే గది అంత పొగగొట్టం ఉండేది, అది మింగేసేది. ఇక్కడ పైపు చల్లబడిపోయింది, గోడ కన్నం మూసుకుపోయింది. విషం వెళ్ళేదారి లేక ఇంట్లోకే తిరిగింది.

"పిల్ల దగ్గలేదన్నారు చూడండి... అది నిద్ర కాదమ్మా. ఇంకో అరగంట ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కారు."

మేస్త్రి కూడా చూడటానికొచ్చాడు, టోపీ చేతుల్లో నలుపుకుంటూ. "లోపల బూడిద కప్పుతారని నేను కల్లో కూడా అనుకోలేదమ్మా... ఎవరైనా అలా చేస్తారని..."

ఇంకెవరూ చెయ్యరు. లిస్‌డారావాళ్ళే చేస్తారు.

"తలుపు...?" అంది బ్రోనా. "తలుపు ఎవరు తీశారు? గడియ వేశాను నేను."

"మీరే తీసుంటారు," అన్నాడు డాక్టరు. "ఆ విషం తలకెక్కితే లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. చేసింది గుర్తుండదు. తల్లి ప్రాణం కదా, ఒళ్ళు తెలియకపోయినా పిల్లని లాక్కుని బయటపడ్డారు."

ఫాదరుగారు కూడా అదే అన్నారు. నర్సు కూడా. "వానలో అంతసేపున్నా పిల్ల ఒళ్ళు వెచ్చగానే ఉందండీ. ఇద్దరికీ చుట్టి ఉన్న ఆ దుప్పటే కాపాడింది చలినుంచి," అంది నర్సు.

అందరూ అన్నాక బ్రోనాకీ అంతే అనిపించింది. మోకాళ్ళ మీద గీరుకున్న దెబ్బలున్నాయి కదా. తనే పాక్కుంటూ వెళ్ళుంటుంది. తనే గడియ తీసుంటుంది. కుర్చీలూ, భుజాలూ, చెవిలో మాటా — అంతా ఆ పాడు గాలి. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి, భయం లేకుండా నిద్రపోయింది.

ఇంటికొచ్చారు. జార్లత్ ముందుగానే కిటికీలన్నీ తెరిచి, కన్నంలో మేజోడు పీకి పారేసి, పొయ్యి బూడిదంతా ఊడ్చి పెట్టాడు. ఈసారి అగ్గిపుల్ల గీసే వెలిగించారు.  కట్టె చిటపటలాడింది. అద్దం వెనక మంట అటూ ఇటూ ఊగుతుంటే నెస్సా దాన్ని చూస్తూ చూస్తూ తల్లి ఒళ్ళోనే నిద్రపోయింది. ఊపిరి నున్నగా, చప్పుడు లేకుండా వస్తోంది, పోతోంది. బ్రోనా దాని రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది, లెక్క తప్పకుండా చూసుకుంటున్నట్టు.

జార్లత్ బూట్లు విప్పుకుంటున్నాడు.

"జార్లత్."

"ఊఁ."

"నీకు నేను చెప్పనేలేదు. ఆ రాత్రి నువ్వు వచ్చీ రాగానే ఆ దుప్పటి కప్పావు చూడు... కప్పకపోతే చలికే పోయేది పిల్ల. నర్సు చెప్పింది."

జార్లత్ చేతిలో బూటు అలాగే ఉండిపోయింది.

"నేనా?"

"మరి?"

"నేను కప్పలేదు. నేనొచ్చేసరికే ఉంది. నువ్వే కప్పుకున్నావనుకున్నా."

కట్టె ఒకటి లోపల విరిగి పడింది.

"గట్టిగా చుట్టి ఉంది, బ్రోనా. విప్పడానికి నేనూ బార్ట్లీ మావయ్యా నానా తంటాలు పడ్డాం. అంచులన్నీ లోపలికి దోపి ఉన్నాయి. పిల్ల కాళ్ళ కింద... నీ కాళ్ళ కింద..."

ఆగాడు. ఇప్పుడే తట్టినట్టుంది అతనికి.

"నీ వీపు కింద కూడా."

బ్రోనా ఒళ్ళో పిల్లని ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది. స్పృహ లేకుండా పడి ఉన్న మనిషి, తన వీపు కింద తానే దుప్పటి దోపుకుంటుందా?

బయట సరస్సు మీద గాలి మెల్లగా లేస్తోంది. ఇద్దరిలో ఎవరూ తలుపు కేసి చూడలేదు.

జార్లత్ గుసగుసగా అడిగాడు —

"గడియ... వెయ్యనా?"

బ్రోనా కాలితో ఖాళీ కుర్చీ ఒకటి పొయ్యి దగ్గరికి జరిపింది.